రహదారి మీద పడవ: ఉత్తరాంధ్రలో బోట్లను బండికి తగిలించి లాగడంపై ఒక సమీక్ష

పెద్ద బోటును చక్రాల ట్రాలీ మీదికి ఎక్కించి, ఆ ట్రాలీని ఒక పెద్ద ఎస్‌యూవీ వెనుక తగిలించి, జాతీయ రహదారి మీద తక్కిన కార్ల వేగంతో లాక్కుపోవచ్చునా అన్నది అమెరికా, ఆస్ట్రేలియాలలో తరాలుగా నలిగిన ప్రశ్న. అక్కడ దానికి తయారీదారుల పట్టికలు, ట్రాలీల ప్రమాణాలు, వేగపరిమితులు, బీమా షరతులు అన్నీ ఏర్పడి ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో విహారపు బోటును ఇంటి వాకిట నిలుపుకునే అలవాటు లేదు గనుక ఆ ప్రశ్న ఆ రూపంలో ఎదురు కాదు. అయితే పడవను రోడ్డెక్కించక తప్పని సందర్భాలు మాత్రం ఇక్కడ తక్కువేమీ కావు. కొత్త ఫైబర్ బోటు తయారైన చోటి నుంచి సముద్రతీరపు ఊరికి చేరాలి, పాతది మరమ్మతుకు వెళ్లాలి, ఒక రేవు నుంచి మరొక రేవుకు వలస పోయే జాలర్లు తమ బోటును వెంట తీసుకుపోవాలి, తాటిపూడి వంటి జలాశయాలలో విహారానికి తిరిగే బోట్లు అక్కడికి ఎక్కడి నుంచో రావాలి, వంశధారకో నాగావళికో వరద వచ్చినప్పుడు రక్షణ పడవలు గంటలలో చేరుకోవాలి. ఈ పనులన్నింటికీ ఈనాడు ఆధారం లారీ, ట్రాక్టరు, మనుషుల భుజాలు. వీటి స్థానంలోకి ఎస్‌యూవీ, ట్రాలీ రాదగునా, వస్తే ఎంత బరువుకు, ఎంత వేగానికి, ఏ చట్టం కింద అన్నది పరిశీలించవలసిన విషయం.

ముందుగా పడవలను గురించి. శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉండగా, విజయనగరం జిల్లాకు పూసపాటిరేగ, భోగాపురం మండలాలలో మాత్రమే ముప్పయి కిలోమీటర్లలోపు తీరం ఉంది. ఈ మొత్తం తీరంలో మరపడవలు లోపలికి వచ్చి నిలవడానికి అనువైన చేపలరేవు చిరకాలం లేకపోయింది. ఎచ్చెర్ల మండలంలోని బుడగట్లపాలెం రేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. రేవు లేని తీరం ఏ రకం పడవను భరించగలదో ఆ రకమే అక్కడ పుడుతుంది. అందుచేత ఇక్కడి పడవలు కెరటాలను చీల్చుకొని నేరుగా ఇసుక మీదికి వచ్చి ఆగేవి, మనుషులు పైకి లాగగలిగేవి. దుంగలను తాళ్లతో బిగించి కట్టిన తెప్ప, పలకలను కొబ్బరిపీచు తాడుతో కుట్టి చేసిన మసూలా పడవ ఈ అవసరం నుంచే పుట్టాయి. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వారి బంగాళాఖాత కార్యక్రమం తూర్పుతీరం కోసం, ఒడ్డు చేరేటప్పుడు చుక్కానినీ ఇంజిను పంకానూ పైకి ఎత్తుకోగలిగిన బోట్లను రూపొందించింది. ఆ తరువాత ఫైబర్, అంటే గాజుపీచును రెసిన్‌తో అతికించి చేసే పదార్థం, కలప స్థానాన్ని క్రమంగా ఆక్రమించింది. 2004 డిసెంబరు సునామీ తరువాత జరిగిన పునరావాసంతో ఈ మార్పు వేగం అందుకుంది. నేడు ఈ తీరంలో సాధారణంగా కనిపించే ఫైబర్ బోటు పొడవు 28 నుంచి 32 అడుగులు, బరువు ఇంజిను, వలలు కాక టన్ను అటూ ఇటూ, ఇంజిను ఎనిమిది నుంచి పది అశ్వశక్తి. విశాఖపట్నం రేవు నుంచి తిరిగే మరపడవలు పదుల టన్నుల బరువుండేవి గనుక ఏ ఎస్‌యూవీకీ సంబంధించినవి కావు. ఈ సమీక్షలో వాటికి చోటు లేదు.

ఈ బోటును లారీ మీద తీసుకుపోవడమే వాడుక. పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సాలూరు ఒకప్పటి నుంచీ లారీలకు పేరుపడిన పట్నం కావడం వల్ల, ఉత్తరాంధ్రలో లారీ దొరకడం ఏనాడూ కష్టం కాలేదు. అయితే ఆరు టైర్ల లారీ తొట్టి పొడవు సుమారు పదిహేడు నుంచి ఇరవై అడుగులు; ముప్పయి అడుగుల బోటును అందులో పెట్టినప్పుడు పది అడుగులకు పైగా వెనక్కు పొడుచుకు వస్తుంది. లేదా ముందుభాగాన్ని క్యాబిన్ మీదికి ఎత్తి కట్టవలసి వస్తుంది, అప్పుడు ఎత్తు పెరిగి కొమ్మలకూ విద్యుత్తు తీగలకూ తగిలే ప్రమాదం ఏర్పడుతుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194(1ఎ) సెక్షన్, బండి పక్కలకు గాని ముందుకు గాని వెనక్కు గాని పరిమితికి మించి సరకు పొడుచుకువచ్చేలా నడిపితే ఇరవై వేల రూపాయల జరిమానా విధిస్తుంది. ఈ జరిమానా వెనుక ఉన్న భయం నిజమైనది: రాత్రివేళ తన ముందున్న లారీ ఎక్కడ ముగుస్తుందో వెనుక వచ్చే మోటారుసైకిలు మనిషికి కనబడదు, పొడుచుకువచ్చిన బోటు చివర సరిగ్గా అతని ఛాతీ ఎత్తున ఉంటుంది. కొసకు ఎర్రగుడ్డ కట్టడం పగలు కొంతవరకు పనిచేస్తుంది, రాత్రి ఏమాత్రమూ పనిచేయదు.

ట్రాక్టరు రెండవ మార్గం. ఇసుకలో పట్టు, తక్కువ వేగంలో బలం దాని గుణాలు; తీరం నుంచి ఊరి దాకా అంతకు మించిన బండి లేదు. కానీ గంటకు ఇరవై అయిదు, ముప్పయి కిలోమీటర్ల వేగంతో, వెనుక దీపాలు లేని ట్రాలీతో అది జాతీయ రహదారి ఎక్కినప్పుడు వెనుక నుంచి వచ్చే బళ్లకు అదే ఆటంకమవుతుంది. నెమ్మదిగా పోవడమే భద్రత అన్న సాధారణ నమ్మకం నాలుగు వరుసల రహదారిపై పూర్తిగా నిలవదు. అక్కడ ప్రమాదం వేగాల మధ్య ఉండే తేడాలో ఉంది.

ఇక అసలు విషయమైన ఎస్‌యూవీ. ఒక బండి ఎంత బరువును లాగగలదో తయారీదారు నిర్ణయించి ప్రకటించే సంఖ్యను లాగుడు సామర్థ్యం అంటారు. ఆస్ట్రేలియాలో అమ్మే లాండ్ క్రూజర్‌కు, ట్రాలీకి సొంత బ్రేకులు ఉన్నప్పుడు, ఆ సంఖ్య 3,500 కిలోలు. అమెరికాలోని షెవ్రొలే సబర్బన్, ఫోర్డ్ ఎక్స్‌పెడిషన్ వంటి నిండు పరిమాణపు బళ్లకు తగిన పరికరాలతో అంతకంటే ఎక్కువ. ఈ సంఖ్యను చూసి, టన్నున్నర బరువున్న బోటూ ట్రాలీ ఫార్చూనర్ వంటి బండికి లెక్కలోవి కావని తీర్మానించడం సులభం. ఇంజిను బలం మాటకు వస్తే అది నిజమే. ఈనాటి డీజిలు ఎస్‌యూవీకి టన్నున్నరను గంటకు వంద కిలోమీటర్ల వేగానికి తెచ్చే శక్తి ఉంది. ఈ వ్యాసం అభిప్రాయంలో మొత్తం చర్చ దారితప్పేది ఇక్కడే: లాగగలగడం ఇంజినుకు సంబంధించినది కాగా, రహదారి వేగంతో లాగవచ్చునా అన్నది బరువు ఎక్కడ కూర్చుంది, ఎవరు ఆపుతారు, టైరు ఎంత ఓర్చుకుంటుంది అన్నవాటికి సంబంధించినది. ఈ మూడింటిలో మొదటిది అన్నింటికంటే సూక్ష్మమైనది, అన్నింటికంటే తక్కువ తెలిసినది.

ట్రాలీ ముందుభాగం ఎస్‌యూవీ వెనుక ఉన్న ఉక్కుబంతి మీద కూర్చుంటుంది. ఆ బంతి మీద అది నిలువుగా మోపే బరువును నొగ భారం అనవచ్చు. ఎడ్లబండి తోలిన రైతుకు దీని ప్రాముఖ్యం వివరించనక్కర లేదు: బరువు వెనుకకు జరిగితే కాడి పైకి లేచి ఎద్దుల మెడలను ఎత్తుతుంది, మరీ ముందుకు జరిగితే వాటి మెడలు కుంగుతాయి, అందుకే ధాన్యం బస్తాలు వేసేటప్పుడు ఇరుసుకు కొద్దిగా ముందుకు మొగ్గేలా సర్దుతారు. అమెరికాలో సాధారణ ట్రాలీల మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం నొగ మీద ఉండాలని సూచిస్తారు, బోటు ట్రాలీలకు కొంత తక్కువను అంగీకరిస్తారు. యూరప్‌లో చాలా కార్ల బంతులకు 75 నుంచి 100 కిలోల హద్దు ఉంటుంది గనుక అక్కడ ఈ శాతం తక్కువ, దానికి తగినట్టే చాలాచోట్ల ట్రాలీల వేగపరిమితులూ తక్కువ. ఈ రెండు అలవాట్లూ ఒకదానితో ఒకటి ముడిపడినవన్న సంగతి గమనించదగ్గది. తక్కువ నొగ భారంతో ఎక్కువ వేగాన్ని కలపడం మంచి ఆచారం కాదు.

ఎద్దు నడకలో కాడి లేస్తే బండి ఆగుతుంది, అంతే. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంలో నొగ తేలికైతే జరిగేది వేరు. పక్కగాలి వల్లనో, దాటిపోయే లారీ తోసిన గాలి వల్లనో, రోడ్డు గతుకు వల్లనో ట్రాలీ ఒక పక్కకు కొద్దిగా తిరుగుతుంది, టైర్ల పట్టు దాన్ని వెనక్కు తెస్తుంది, ఆ ఊపులో అది రెండో పక్కకు పోతుంది. తక్కువ వేగంలో ప్రతి ఊపూ ముందటి దానికంటే చిన్నదై రెండు మూడు ఊపులలో అణగిపోతుంది. వేగం పెరిగే కొద్దీ ఈ అణగే గుణం తగ్గుతూ, ఒక హద్దు వేగం దాటిన తరువాత తలకిందులవుతుంది. అప్పుడు ప్రతి ఊపూ ముందటి దానికంటే పెద్దదై, కొద్ది క్షణాలలో వెనుక ట్రాలీయే ముందున్న బండిని తిప్పుతుంది. ఎస్‌యూవీ గరిమనాభి, అంటే దాని బరువంతా కేంద్రీకరించినట్టు భావించే బిందువు, మామూలు కారుకంటే ఎత్తులో ఉంటుంది గనుక ఆ తిప్పుడులో అది బోర్లా పడే అవకాశమూ ఎక్కువే. ఈ హద్దు వేగం ఒక స్థిరమైన సంఖ్య కాదు. నొగ భారం తగ్గితే అది కిందికి దిగుతుంది, బరువు ట్రాలీ రెండు కొసల వద్ద చేరితే దిగుతుంది, టైర్లలో గాలి తగ్గితే దిగుతుంది, నొగ పొట్టిదైతే దిగుతుంది. నిన్న ఎనభైలో నిశ్చింతగా వచ్చిన బోటే నేడు వెనుక వలలు వేసుకొని డెబ్బైలో ఊగవచ్చు.

మన బోట్ల విషయంలో ఈ ప్రమాదం ఎంత దగ్గరగా ఉందో ఒక చిన్న లెక్క చెబుతుంది. బోటూ ట్రాలీ కలిసి 1,500 కిలోలు, బంతికీ ఇరుసుకూ మధ్య దూరం నాలుగున్నర మీటర్లు, నొగ భారం పది శాతం అంటే 150 కిలోలు అనుకుందాం. ఇరుసుకు మూడు మీటర్ల వెనుక, బోటు చివర, నలభై కిలోల ఇంజిను బిగిస్తే నొగ భారం 27 కిలోలు తగ్గుతుంది. ఇరుసుకు రెండు మీటర్ల వెనుక వంద కిలోల వల వేస్తే మరో 44 తగ్గుతుంది. 150 ఉండవలసిన చోట ఇప్పుడు ఉన్నది 79, మొత్తం బరువులో అయిదు శాతంలోపు. వేసిన బరువు నూట నలభై కిలోలే, లారీ మీదైతే ఎవరూ లెక్కచేయనిది; ట్రాలీ మీద అది నొగ భారాన్ని దాదాపు సగానికి కోసింది. వాననీరు ఇంతకంటే ఘాటైన ఉదాహరణ. పన్నెండు చదరపు మీటర్ల నోరున్న బోటులో ఐదు సెంటీమీటర్ల వాన కురిస్తే 600 లీటర్లు, అంటే 600 కిలోలు చేరతాయి, అవి ఒకచోట నిలవక బండి కదలినప్పుడల్లా ముందుకూ వెనుకకూ పారుతూ ఉంటాయి. అక్టోబరు తుపానులలో ఒక్క రాత్రికి అంతకు ఎన్నో రెట్ల వాన పడే ప్రాంతంలో, ట్రాలీ మీద ఉన్నంతసేపూ బోటు అడుగు బిరడా తీసి ఉంచడమన్నది చిన్న జాగ్రత్త కాదు.

ఊపు మొదలైన తరువాత చేయవలసినది సహజ బుద్ధికి విరుద్ధంగా ఉంటుంది. వేగం పెంచి దాన్ని సాగదీయాలన్న సలహా లారీ డ్రైవర్ల మధ్య వినిపించేదే గాని, వేగమే కారణమైనప్పుడు అది ఆత్మహత్యాసదృశం. స్టీరింగు చక్రాన్ని ఎదురు తిప్పడం ఊపును మరింత పెంచుతుంది. ఎస్‌యూవీ బ్రేకును గట్టిగా తొక్కడం వెనుక బరువును ముందుకు తోయిస్తుంది. చక్రాన్ని నేరుగా పట్టుకొని, యాక్సిలరేటరు మీద కాలు తీసి, వీలుంటే ట్రాలీ బ్రేకులను మాత్రమే విడిగా వేయడం సరైన పద్ధతి. ఈనాటి కొన్ని బళ్లలో ఊపును పసిగట్టి ఒక్కొక్క చక్రానికి వేర్వేరుగా బ్రేకు వేసే ఏర్పాటు ఉంటుంది. అది మంచి సహాయమే అయినా తప్పుగా సర్దిన బరువును సరిచేయలేదు.

ఆపడం రెండవ అంశం. 2,500 కిలోల ఎస్‌యూవీ ఒంటరిగా గంటకు ఎనభైలో పోతూ గట్టిగా బ్రేకు వేస్తే, డ్రైవరు తేరుకోవడానికి ఒకటిన్నర సెకను కలుపుకొని సుమారు 74 మీటర్లలో ఆగుతుందనుకుంటే, బ్రేకులు లేని 1,500 కిలోల ట్రాలీని తగిలించినప్పుడు అదే బ్రేకు బలం నాలుగు టన్నులను ఆపవలసి వచ్చి దూరం దాదాపు వంద మీటర్లవుతుంది. అదే జంట అరవైలో 62 మీటర్లలో ఆగుతుంది, వందలో 145 మీటర్లు తీసుకుంటుంది. ఇవి ఆరిన మంచి రోడ్డు మీది అంచనాలు, వానలో ఇంకా పెరుగుతాయి. యూరప్‌లో 750 కిలోలు దాటిన ట్రాలీకి సొంత బ్రేకు తప్పనిసరి కావడానికి కారణం ఇదే. బోటు ట్రాలీలకు విద్యుత్తు బ్రేకులకంటే తోపు బ్రేకులు, అంటే ముందుబండి నెమ్మదించగానే ట్రాలీ ముందుకు తోసుకువచ్చి ఆ తోపుతోనే తన బ్రేకును తానే వేసుకునే రకం, ఎక్కువ వాడుకలో ఉన్నాయి. నీటిలో మునిగే చక్రాలకు విద్యుత్తు సరిపడకపోవడం ఇందుకు ఒక కారణం.

మూడవది టైరూ బేరింగూ. రహదారి మీద యాభై కిలోమీటర్లు తిరిగి వేడెక్కిన చక్రపు బేరింగును ఉప్పునీటిలో ముంచినప్పుడు లోపలి గాలి చల్లబడి ముడుచుకొని నీటిని లోపలికి పీలుస్తుంది. ఆ నీరు గ్రీజును పాలలా మార్చి, తరువాతి ప్రయాణంలో బేరింగు ఎండి పట్టేసే దాకా తెస్తుంది. పట్టేసిన చక్రం ఎనభైలో ఊడిపోవచ్చు. స్ప్రింగు ఒత్తిడితో గ్రీజును ఎప్పుడూ లోపలికి నెట్టి ఉంచే మూతలు ఇందుకు విరుగుడు, వాటికంటే ముందుగా, నీళ్లలో దింపే ముందు చక్రాలను కాసేపు చల్లారనివ్వడం, తిరిగి వచ్చాక మంచినీళ్లతో కడగడం. సముద్రతీరాన ఉన్న కళింగపట్నం గాలిలో ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో ఆ ఊరివాళ్లకు చెప్పనవసరం లేదు గనుక జింకుపూత లేని ట్రాలీని ఇక్కడ వాడడం డబ్బు వృథా. టైర్ల విషయానికి వస్తే, ట్రాలీల కోసమే చేసే టైర్లకు అమెరికాలో చాలాకాలం గంటకు 65 మైళ్లు, అంటే సుమారు 105 కిలోమీటర్లు, హద్దుగా ఉండేది. నెలల తరబడి ఎండలో కదలకుండా నిలిచిన టైరు ఆ హద్దుకు కూడా తగదు.

ఇతర దేశాల వేగపరిమితులను ఈ వెలుగులో చూస్తే వాటి తర్కం తెలుస్తుంది. జర్మనీలో వేగానికి హద్దులేని ఆటోబాన్ భాగాల మీద కూడా ట్రాలీ తగిలించిన కారుకు 80 కిలోమీటర్లే హద్దు, ప్రత్యేకంగా తనిఖీ చేయించి అనుమతి పొందిన జంటకు మాత్రం 100. బ్రిటన్‌లో మోటారు రహదారులపై 60 మైళ్లు, విడదీయని రోడ్ల మీద 50. కాలిఫోర్నియాలో ఏ ట్రాలీ తగిలించినా 55 మైళ్లు. టెక్సాస్ సరస్సుల ఒడ్డున సొంత బోటు కొనుక్కునే తెలుగు కుటుంబాలకు ఈ విద్య అక్కడి మెరీనాలలో, అక్కడి రోడ్ల వెడల్పులో అబ్బుతుంది. దానిని ఉన్నదున్నట్టుగా నరసన్నపేట రోడ్డు మీదికి తెచ్చుకోలేము.

ఎందుకంటే రోడ్డు వేరు. చెన్నైని కోల్‌కతాతో కలిపే 16వ నంబరు జాతీయ రహదారి, పాత లెక్కలో 5వది, విజయనగరం జిల్లాలో భోగాపురం, నాతవలస మీదుగా, శ్రీకాకుళం జిల్లాలో రణస్థలం, చిలకపాలెం, నరసన్నపేట, టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం దాకా సాగుతుంది. రోడ్డు నాణ్యత మంచిది. దాని మీది జనం రకరకాలు. దూరప్రాంతపు లారీలు, బస్సులు, ఎదురుదారిలో వచ్చే మోటారుసైకిళ్లు, గడ్డిమోపుల ట్రాక్టర్లు, రోడ్డు దాటే పశువులు ఒకే వరుసలో కలుస్తాయి. 2018లో కేంద్రం ప్రకటించిన పరిమితులలో నాలుగు వరుసల రహదారిపై కార్లకు 100, సరకు బళ్లకు 80 అన్నవి ఖాళీ బళ్ల కోసమో, సరకును తమ వీపు మీదే మోసే బళ్ల కోసమో ఆలోచించినవి. వంద మీటర్లలో ఆగే జంటకు ఎదురుదారి మోటారుసైకిలు ముప్పయి మీటర్లలో కనబడితే ఏ పరిమితీ కాపాడలేదు. మడపాం వద్ద వంశధార వంతెన, శ్రీకాకుళం వద్ద నాగావళి వంతెన దాటేటప్పుడు నది వెంట వచ్చే పక్కగాలి బోటు ఎత్తైన పక్కకు తగులుతుంది. టోలుగేట్ల వద్ద ఇరుకు దారిలో ముప్పయి అడుగుల ట్రాలీ మలుపు తీసుకోవడం, ముందుబండి కంటే వెనుక చక్రాలు లోపలికి కోసుకుపోవడం వల్ల, ప్రత్యేకంగా నేర్చుకోవలసిన పని. ఈ కారణాలన్నిటినీ కలిపి చూస్తే, ఈ రహదారి మీద టన్ను దాటిన బోటు ట్రాలీకి గంటకు అరవై కిలోమీటర్లు ఎగువ హద్దుగా పెట్టుకోవడమే న్యాయం. యాభై కిలోమీటర్ల దూరంలో అరవైకీ ఎనభైకీ మధ్య తేడా పన్నెండు, పదమూడు నిమిషాలే.

చట్టం ఈ విషయంలో నిషేధమూ విధించలేదు, స్పష్టతా ఇవ్వలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం నిర్వచనం ప్రకారం ట్రాలీ కూడా మోటారు వాహనమే గనుక దానికి విడిగా రిజిస్ట్రేషను, విడిగా బీమా ఉండాలి. ట్రాక్టరు ట్రాలీలకు బీమా లేదన్న కారణంతో పరిహారం తగాదాలు కోర్టులకు ఎక్కడం మన జిల్లాలకు కొత్త కాదు, బోటు ట్రాలీకీ అదే గతి పట్టవచ్చు. 52వ సెక్షన్ తయారీదారు నమోదు చేయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని అడ్డుకుంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా సమర్థించింది. లాగుడు హుక్కుతో అనుమతి పొందని మోడలుకు ఊరిలోని వెల్డింగు షాపులో ఇనుప బంతి అతికించడం ఈ వెలుగులో చట్టరీత్యా బలహీనం, యంత్రరీత్యా ఇంకా బలహీనం. చాసిస్‌కు కాక బంపరుకు అతికించిన హుక్కు మొదటి గట్టి బ్రేకులోనే ఊడిరావచ్చు. బయటి దేశపు బ్రోషరులో చూసిన 3,000 కిలోల సంఖ్య అదే పేరుతో ఇక్కడ అమ్మే బండికి వర్తిస్తుందని భావించడం కూడా పొరపాటే, ఎందుకంటే ఆ సంఖ్య ఆ దేశంలో ఆమోదించిన హుక్కు, చల్లబరిచే ఏర్పాటు, బ్రేకులతో కలిపి ఇచ్చినది.

మిగిలినది రక్షణ పడవల సంగతి. ఈ జిల్లాలకు ప్రాణప్రదమైనది కనుక కొంత విడిగా చూడాలి. 2018 ఆగస్టు వరదలలో కేరళ మత్స్యకారులు తమ బోట్లను లారీలకెక్కించి సముద్రానికి దూరంగా ఉన్న చెంగన్నూరు వంటి ఊళ్లకు చేర్చి వేలాది మందిని బయటికి తీశారు. సముద్రపు పడవ ఊరి వీధిలో ఎంత పనికొస్తుందో దేశానికి అప్పుడు స్పష్టంగా తెలిసింది. అదే ఏడు అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానం ప్రాంతంలో కొబ్బరిచెట్లు రోడ్ల మీద అడ్డంగా పడ్డాయి, వెంటనే వంశధార పొంగింది. ఆనాటి అనుభవం చెప్పేది ఒకటే: తుపాను తరువాతి మొదటి పూటలో రహదారి మీద వేగమన్న ప్రసక్తే లేదు, చెట్టు నరికి దారి చేసుకుంటూ పోవడమే ఉంది. కోస్తా మధ్యలో ఉన్న జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం పదవ బెటాలియను నుంచి శ్రీకాకుళం నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరం. ఆ దళం ముందే వచ్చి మోహరించడానికి కారణం ఇదే, తన గాలిపడవలను మడిచి లారీలో తెచ్చుకోవడానికి కారణమూ ఇదే. గాలి తీసిన రబ్బరు పడవకు ట్రాలీ అక్కరలేదు, ఊపు లేదు, నొగ భారం లేదు. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల నుంచి దిగే పొట్టి నదులు. వంశధార మీది గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తిన తరువాత దిగువ ఊళ్లకు మిగిలే వ్యవధి కొద్ది గంటలే. ఆ వ్యవధిలో విశాఖ నుంచి బోటును ఎనభైలో లాక్కురావాలన్న ఆలోచనకంటే, నది పక్కనే బోటు ముందే ఉండాలన్న ఆలోచన ఎన్నో రెట్లు బలమైనది.

ఫైబర్ బోటూ ఎస్‌యూవీ ట్రాలీ కలిసి నిజంగా రాణించేది అక్కడే. హిరమండలం, జలుమూరు, నరసన్నపేట, గార వైపు వంశధారకూ, ఆమదాలవలస, బూర్జ వైపు నాగావళికీ పది కిలోమీటర్ల లోపల ఒక్కొక్క తేలికపాటి బోటును ట్రాలీ మీద, కప్పు కింద, అడుగు బిరడా తీసి ఉంచితే, అవసరమైనప్పుడు దాన్ని ఏటిగట్టు దాకా నలభై వేగంతో లాగడానికి ఏ బొలేరో అయినా చాలు. ఆ ట్రాలీకి రిజిస్ట్రేషను, బీమా, పనిచేసే దీపాలు, తోపు బ్రేకు ఉండాలి. తుపాను కాలానికి ముందు, సముద్రంలో వేట నిషేధం అమలులో ఉండే ఏప్రిల్ 15, జూన్ 14 మధ్య రోజులలో, జాలర్లు తీరికగా ఉన్నప్పుడే, బేరింగులు విప్పి గ్రీజు నింపాలి. బోటు నడపడం జాలరికి నేర్పనక్కర లేదు. ట్రాలీని వెనక్కు నడపడం మాత్రం, చక్రం ఎడమకు తిప్పితే వెనుకబండి కుడికి పోయే ఆ తిరకాసు వల్ల, అగ్నిమాపక శాఖ డ్రైవర్లకూ గ్రామాల యువకులకూ ఖాళీ మైదానంలో పట్టుబట్టి నేర్పవలసిన పని, ఎందుకంటే చీకట్లో, వానలో, జారే ఏటిగట్టు మీద బోటు నీటిలోకి దిగవలసింది వెనక్కే.